గోరంత కిందకి దిగిన ముల్లు

కూతురు లేచి మొహం కడుక్కునేలోపే ఆవిడ తడిగుడ్డతో కారు అద్దాలు తుడిచేస్తుంది. తుడవడం పైకి చెప్పుకునే పని. అసలు పని, తాళం సగం తిప్పి పెట్రోలు ముల్లు ఎక్కడుందో చూడడం. ఆదివారం టాంకు నిండా పోయిస్తే గురువారం పొద్దుటికి ముల్లు సగం గీత మీద కుదురుగా కూచోవాలి. ఇల్లు, కళ్ళజోళ్ళ దుకాణం, మళ్ళీ ఇల్లు. దుకాణంలో ఉద్యోగం తప్ప కూతురికి వేరే తిరుగుడే లేదు.

ఈ మధ్య ప్రతి గురువారం ముల్లు గీతకి గోరంత కిందుంటోంది.

గోరంతే. కానీ ఆవిడకి అదే కొండంత.

ఈ ముల్లు ఒకసారి నిజం చెప్పింది మరి. వాళ్ళాయన బతికున్న రోజుల్లో, ఈ కారులోనే, ముల్లు ఇలాగే ముందుగా పడిపోతూ వచ్చింది. "బంకువాడు తక్కువ పోస్తున్నట్టున్నాడు" అని ఆయన నవ్వేస్తే ఆవిడా నమ్మేసింది. ఆఫీసుకని బయల్దేరి ఊరవతల పెద్దాసుపత్రికి వెళ్ళొస్తున్నాడని తెలిసేసరికి డాక్టర్లకి చెయ్యడానికేమీ మిగల్లేదు. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు అన్నాడు.

ఇప్పుడు కూతురూ అదే దారి పట్టిందా? చూస్తే అన్నీ అలాగే ఉన్నాయి. కంచంలో సగం వదిలేస్తోంది. బట్టలు వదులయ్యాయని మురిసిపోయింది కూడా. మురిసిపోయే విషయమా అది! ఆఖరికి కారు కూడా పొద్దున్నే దగ్గి దగ్గి ఆగిపోతోంది. ఆవిడ కూతురి సంచీ వెతికింది. దువ్వెనా, కళ్ళజోడు తుడిచే గుడ్డా తప్ప మందుచీటీ ఒక్కటీ దొరకలేదు. ఇంకా భయమేసింది. అంత జాగ్రత్తగా దాచిందంటే ఎంత పెద్ద జబ్బో!

ఆ పొద్దున కూతురు చెప్పులేసుకుని వచ్చేసరికి ఆవిడ డ్రైవరు సీట్లోనే ఉంది.

"తాళం ఎందుకు తిప్పావమ్మా?"

"అద్దం తుడుస్తున్నా."

"తాళం తిప్పితే అద్దం మెరుస్తుందా?"

ఇక ఆగలేకపోయింది. "ఏ ఆసుపత్రికి పోతున్నావో చెప్పవే. నేను తట్టుకుంటాను."

"ఆసుపత్రా? నాకేమైంది?"

"ముల్లు గోరంత తక్కువుంది."

కూతురు పగలబడి నవ్వింది. "రోజూ అంతమంది కళ్ళు పరీక్ష చేస్తాను, నీ చూపంత పదును ఎవరికీ లేదే తల్లీ!"

"మీ నాన్న కూడా ఇలాగే నవ్వారు."

కూతురి నవ్వు ఆగిపోయింది. కారు తలుపు తీసి, తల్లి చేతిలోని తడిగుడ్డ అందుకుంది. "పక్కకి జరుగు. వచ్చే గురువారం దాకా నువ్వు నాతోనే. ఎటు తిరుగుతానో నీ కళ్ళతోనే చూసుకో."

ఆవిడ రోజూ వెళ్ళింది. దుకాణంలో అద్దం పక్క బల్ల మీద ఊలు అల్లుకుంటూ కూచుంది. "దొంగకి కాపలా పెట్టినట్టుంది" అని కూతురు సణిగింది, కానీ ఒక్కపూటా వదిలి వెళ్ళలేదు. వెళ్ళే దారీ వచ్చే దారీ ఒక్కటే.

గురువారం వచ్చింది. ముల్లు మళ్ళీ గోరంత కిందే.

కూతురు ఎటూ పోలేదు మరి; ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఉసూరుమంది. "అయితే టాంకుకి చిల్లు పడింది! దార్లో అంటుకుంటుందేమోనే!"

"ముందు బంకులో అడుగుదాం పద."

బంకులో పైపు పట్టుకున్న నడివయసు మనిషి విని తల గోక్కున్నాడు. "చిల్లయితే వాసన రాదాండీ? పెట్రోల్లో ఇథనాల్ వాటా పెంచారు. చెరుకు నుంచి తీసే స్పిరిట్టు లాంటిది. దానికి పెట్రోలంత సత్తువ ఉండదు, అదే దూరానికి బండి ఇంకాస్త తాగుతుంది. మీది పాత బండి కదా, పొద్దున్నే మొరాయిస్తుంది కూడా. మెకానిక్కుకి చూపించి ఇంజను సర్దించండి, రబ్బరు పైపులు పాడయ్యాయేమో చూడమనండి. అదిగో, బోర్డు పెట్టాం."

గాలి కొట్టే మిషను పైన నిజంగానే బోర్డుంది. వారం వారం దాని కిందే కారాపుతున్నారు.

"విన్నావుగా? తిండి నేనే తగ్గించాను, సన్నబడదామని. నీ కారేమో ఎక్కువ తాగుతోంది. అంతే కథ" అంది కూతురు.

ఆవిడ కారెక్కాక, ఒళ్ళో ఊలుండ నొక్కుతూ, మెల్లిగా అంది: "అప్పుడు కూడా పెట్రోల్దే తప్పయ్యుంటే ఎంత బావుండేదే."

కూతురు తాళం తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"రేపు సెలవు పెడతాను. ఇద్దరం వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుందాం. కాగితం ముందు నీ చేతికే ఇమ్మంటాను."

ఆవిడ ఉలిక్కిపడింది. "ఎందుకే? ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు. నీకు రాత్రి నిద్రపడుతుందని. ఇకనించి జలుబు చేసినా నీకే ముందు చెప్తా. నువ్వు ముల్లుని కాదు, నన్నడుగు."

కారు రెండుసార్లు దగ్గి ఆగింది. వెనక హారన్లు ఎక్కువయ్యాయి.

"తొందరపెట్టకు, దానికీ అలవాటు కావాలిగా" అంది ఆవిడ, ఎదురుగా ఉన్న డాష్‌బోర్డుని జ్వరమొచ్చిన పిల్లని నిమిరినట్టు నిమురుతూ. మూడోసారికి ఇంజను అందుకుంది. దారి పొడవునా ఆవిడ ముల్లు వైపు చూడలేదు. కూతురి మొహం వైపే చూస్తూ కూచుంది.

"ఏంటమ్మా అలా చూస్తావు?"

"రాత్రి సరిగ్గా తిన్నావా?"