మాడు ఇష్టమైన మనిషి

అరుంధతి గరిటెతో గిన్నె అడుగు గీకుతోంది. అశోక్ నగర్‌లోని ఆ ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక వినిపించే చప్పుడది. కొడుకు హర్ష ముందుగదిలో కొత్తగా పెట్టించిన కేబుల్ టీవీ ముందు కూర్చున్నాడు. కోడలు మాధురి చేతులు తుడుచుకుంటూ, "అత్తమ్మా, మీకిష్టమని మాడు కదపలే," అంది. ఆ పిల్ల మాటలో వెటకారం లేదు. అదే అరుంధతికి మరింత బరువుగా తోచింది.

ఇష్టం! ఆ మాట పుట్టించింది తానే. కాపురానికొచ్చిన కొత్తలో చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగారు. అన్నం చాలలేదు. కొత్త కోడలికి కొలత తెలియదంటారేమోనని, అడుగంటినది తన కంచంలో వేసుకుని "నాకు మాడంటే ఇష్టం" అనేసింది. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. భర్త వీరరాఘవరావు ఆ మాటను తాతలనాటి ఆస్తిలా కాపాడాడు. "మా ఆమెకు మాడంటే పానం, తెల్లన్నం పెట్టినా తినది," అని వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ చెప్పేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, కంచం మార్చి చూడలేదు మహానుభావుడు. ఆయన పోయినా ఆ మాట పోలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో అంతకంటే పెద్ద మాట నలుగుతోంది. చిక్కడపల్లి గ్రంథాలయంలో పేపర్లు చదివే హాల్లో ఆమెకు ఇంద్రసేన పరిచయమయ్యాడు. రిటైరైన డ్రాయింగు మాస్టారు, భార్య పోయినవాడు. ముందు పేపర్లు మార్చుకున్నారు, తర్వాత మాటలు. ఆయన కనిపించని రోజు అక్షరం కళ్లకెక్కేది కాదు. యాభై ఏడేళ్ల వయసులో గుండె అట్లా కొట్టుకుంటుంటే సిగ్గుపడింది, సంతోషపడింది కూడా. పెళ్లి చేసుకుందామన్నాడాయన. హర్ష వింటూనే మండిపడ్డాడు. "ఈ వయసుల ఏందమ్మా ఇది? జనం మొకం మీద ఉమ్మేస్తరు. నీకేం తక్కువ చేసినం?" అరుంధతి లోపలికి వెళ్లిపోయింది. స్నానాలగదిలో నల్లా విప్పి ఏడ్చింది. పెళ్లి కుదరదని చెప్పేద్దామనుకుంటూనే ఆదివారం ఆయనుండే నారాయణగూడకు నడిచింది.

ఇంద్రసేన అద్దెగదిలో పప్పు, పచ్చిపులుసు చేసిపెట్టాడు. ఆమె ముందు కంచం పెట్టాడు. అందులో ఎర్రగా కాలిన మాడు, ఎక్కడా విరగకుండా, గుండ్రంగా ఉంది.

"ఏమిష్టమంటే మాడన్నరు గద మీరు. సన్నసెగ మీద పెట్టిన. విరగకుండ తీసెటాళ్లకు జర పరేషానైన," అన్నాడు మురిసిపోతూ.

నిజమే, ఆ మాట తనే అన్నది. అడిగినప్పుడు ఇంకేమీ తోచక, అలవాటు కొద్దీ అనేసింది. ఆమె ఆ కంచం వైపే చూసింది. ఇల్లు మారినా, మనిషి మారినా కంచం ఇదేనా? ఈయన మంచివాడు. ఆ మంచితనంతోనే బతికినంతకాలం ఇదే పెడతాడు. ముద్ద నోట్లో పెట్టుకుంది. "బాగుంది" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే మళ్లీ అదే బతుకు. అనకపోతే ఈయన మనసు విరుగుతుందేమో, దొరక్క దొరికిన తోడూ పోతుందేమో.

"నాకు మాడు ఇష్టం లేదండి. ఎన్నడు లేకుండె."

ఆయన ముఖం చిన్నబోయింది. "మరి గట్లెందుకన్నరు?"

"నాకు అదే మిగిలేది."

ఇంద్రసేన ఆమె కంచం తన ముందుకు లాక్కుని, తన కంచం ఆమె ముందుకు జరిపాడు. తెల్లటి అన్నం. మాడు నములుతుంటే ఆయన కట్టుడుపళ్లు కదిలాయి. దవడ పట్టుకుని, అయినా తిన్నాడు. అరుంధతికి నవ్వు రాలేదు. ఒక్క కంచం మారడానికి ఇంత బతుకు ఖర్చయిపోయిందా అనిపించింది. అన్నంలో చెయ్యి పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు పొద్దున అన్నం దించగానే, ఎవరినీ పిలవకుండా, పైనున్న అన్నం కంచంలో పెట్టుకుని కూర్చుంది. ఆఫీసుకు తయారై వచ్చిన హర్ష గుమ్మంలో ఆగిపోయాడు. అతని వెనక మాధురి.

"అమ్మా, మాకు పెట్టకుండనే కూసున్నవా?"

అరుంధతి నోట్లో ముద్ద నిదానంగా మింగింది.

"నేను ఇంద్రసేనగారింటికి పోతున్న, బిడ్డా. రేపటిసంది ఈ ఇంట్ల మాడెవరు తింటరో మీరిద్దరు చూసుకోండ్రి."