విండోకి చుట్టాలు దొరికారు

నిఘంటువు ఆఫీసులో ఆమె పని ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు రాయడం. ఆ వారం బండి ‘విండో’ దగ్గర ఆగిపోయింది. పైగా ఆ గదికున్న ఒక్కగానొక్క కిటికీ, రంగు మీద రంగు పూసీ పూసీ బిగుసుకుపోయి, ఏళ్ల తరబడి తెరుచుకోవడం లేదు. ఉక్కపోత భరించలేక, వడ్రంగి పని చేసే బావగారిని, అంటే సొంత అక్క మొగుణ్ణి, బతిమాలి పిలిపించుకుంది.

ఆయన ఉలితో సందుల్లో రంగు గీకుతూ అడిగాడు. “ఏం మరదలా, ముఖం అలా వేలాడేసుకున్నావు?”

“విండో అనే మాట బావా. పాతకాలం ఉత్తర ఐరోపా ఓడవాళ్ల భాషలో అది ‘విండౌగ’. గాలి కన్ను అని అర్థం. నాలుగు ముక్కల్లో రాయాలి. ఎలా రాసినా ఉప్పులేని పప్పులా ఉంది.”

“గాలి కన్నా? మా గురువుగారు కిటికీని గవాక్షం అనేవాడు. ఆవు కన్నట! జంతువు మారినా కన్ను కన్నేగా?”

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. ఒక్క ఉదుటున లేచింది.

“బావా, నీ నోట్లో చక్కెర పొయ్య! వాళ్ల ‘ఔగ’కీ మన ‘అక్షి’కీ ముత్తవ్వ ఒకతే. వాళ్ల ‘విండ్‌’కి మన ‘వాతం’ చుట్టం. కిటికీని వాతాయనం అనీ అంటాం కదా! వాతాయనంలో తల, గవాక్షంలో తోక కలిపితే విండో!”

“వాతమంటే... నా మోకాళ్లలో ఉన్నదేనా?”

“సాక్షాత్తూ అదే!”

“అయితే ఇన్నేళ్లూ సగం విండో మోసుకు తిరుగుతున్నానన్నమాట. అందుకే మెట్లెక్కితే కిర్రుమంటోంది.”

ఆమె కడుపు పట్టుకుని నవ్వుతుంటే, ఆయన చెక్కను అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. రెక్కలు ఫట్టున విడిపోయాయి. గాలి సుడి తిరిగి లోపలికొచ్చింది. బల్ల మీద ఆమె మాటలు రాసిపెట్టుకున్న కార్డులన్నీ గదంతా ఎగిరాయి. ఇద్దరూ నేల మీద పాకుతూ, ఒకరి తల ఒకరికి కొట్టుకుంటూ, పకపకా నవ్వుతూ ఏరుకున్నారు.

ఆ సాయంత్రం ఆమె ఒక్క కొట్టివేత లేకుండా రాసేసింది: ఇంగ్లీషూ సంస్కృతమూ తల్లీబిడ్డలు కావు, అక్కచెల్లెళ్ల పిల్లలు.

బావగారు పెళ్లానికి ఫోన్ చేశాడు. “ఇవాళ మీ చెల్లెలికి నేనే పాఠం చెప్పానే!”

“సంతోషమండీ,” అంది అక్క. “ఆ చేత్తోనే మన వంటింటి తలుపు కూడా చూడండి. మూడేళ్లుగా అడుగుతున్నాను.”