కనుమ దాకా

పొద్దున్నే వంటింట్లో నిలబడి, నడకకు వెళ్లే అతిథులకు మధ్యాహ్నపు పొట్లాలు కడుతున్నాను. రొట్టె, మేకపాల చీజ్, ఉడికించిన గుడ్డు, దోసకాయ ముక్కలు. గుడ్లు చల్లారకుండా చుట్టేస్తే రొట్టె చెమ్మగిల్లుతుందని మా అత్తగారు వెనక నుంచి చెబుతూనే ఉంది. ఈ ఇంటికొచ్చి నాలుగేళ్లయింది, పాపకు మూడు నిండాయి, ఆవిడ మాత్రం నన్నింకా "కొత్తకోడలా" అనే పిలుస్తుంది. ఈ కొండల్లో అంతే. ఇంకో కోడలు వచ్చేదాకా ఆ పేరు పోదు.

అల్బేనియా కొండల్లోని ఈ థెత్ ఊళ్లో మా ఇంటి వెనక నుంచే దారి మొదలవుతుంది. అడవి దాటి, రాళ్ల మీదుగా రెండు శిఖరాల నడుమ కనుమ ఎక్కి, అవతలి ఊరు వల్బోనాలో దిగుతుంది. ఎక్కడెక్కడి వాళ్లో ఆ దారి కోసం వస్తారు. నా భర్త కొలా వాళ్ల సంచుల్ని కంచరగాడిదల మీద కనుమ దాకా చేరుస్తాడు, అక్కడ అవతలి ఊరివాళ్లు అందుకుంటారు. నేను దుప్పట్లు ఉతుకుతాను, బూట్ల బురద తుడుస్తాను, పొట్లాలు కడతాను. నేను కట్టిన పొట్లాలన్నీ కనుమ చూశాయి. నేను చూడలేదు.

నిన్న భోజనాల దగ్గర, చెక్ దేశం నుంచి వచ్చిన యార్మిలా అనే పెద్దావిడ నన్నడిగింది. "పైన ఎలా ఉంటుందమ్మా?" నాది టీవీ చూసి నేర్చుకున్న ఇటాలియన్, ఆవిడదీ అంతంతమాత్రమే. నేను నోరు తెరిచేలోగా కొలా అందుకున్నాడు.

"దాన్నడుగుతారేంటండీ! మైదానం పిల్ల. మేడమెట్లు ఎక్కితేనే కొలిమితిత్తిలా రొప్పుతుంది."

అందరూ నవ్వారు. చేతిలో పళ్లెంతో నేనూ నవ్వాను. వాళ్లు నవ్వినందుకంటే నేను నవ్వినందుకే ఎక్కువ సిగ్గేసింది. ఎనిమిదో తరగతితో బడి మాన్పించిన రోజు నాన్న కూడా ఇలాగే ఏదో హాస్యమాడాడు. అప్పుడూ నవ్వాను.

తర్వాత బల్ల తుడుస్తూ యార్మిలాని అడిగాను, "అంత దూరం నుంచి వచ్చి, ఒళ్లు హూనం చేసుకుని ఎక్కుతారు. ఏముందని?"

ఆవిడ కాళ్లు చాపుకుంది. "మొదట్లో ఇల్లే తిరుగుతుంది బుర్రలో. స్టవ్ కట్టేశానా, పిల్లాడు తిన్నాడా అని. తర్వాత మోకాలు సలుపుతుంది. ఆ తర్వాత అవేవీ ఉండవు. అడుగు ఏ రాయి మీద వెయ్యాలి, అంతే. ఎవరికీ ఏమీ అందించక్కర్లేదు. అందుకే వస్తాను."

గుడ్డ పిండాను. ఎవరికీ ఏమీ అందించకుండా నేనెప్పుడున్నాను? పురిటి మంచం మీద కూడా పక్కగదిలోంచి "చక్కెర ఎక్కడుందే?" అని కేక వినిపించేది, చెప్పేదాన్ని.

ఇవాళ వాళ్లు వెళ్లిపోయాక, ఆరేసిన దుప్పట్లు తీస్తుంటే తీగ మీద యార్మిలా మోకాలి పట్టీ కనిపించింది. అది లేకపోతే ఆవిడ అవతలికి దిగలేదు.

"పరుగున వెళ్లి ఇచ్చొస్తానత్తా," అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

అత్తగారు నన్ను కింది నుంచి పైకి చూసింది. "అతిథి వస్తువు మనింట్లో ఉండిపోకూడదు. వెళ్లు. ఇదిగో, ఈ సగం అల్లిన మేజోడు పట్టుకో. నడుస్తూ అల్లు."

"ఇప్పుడెందుకత్తా?"

"ఎందుకేంటే? ఉత్త చేతులతో ఆడది కొండెక్కుతుంటే చూసేవాళ్లేమనుకుంటారు? నా కాలంలో వీపున కట్టెలు, చేతిలో కదురు. వచ్చేటప్పుడు రాళ్లలో మొలిచే కొండ టీ ఆకు కాస్త కోసుకురా."

పాపకు నిన్నటి నుంచి దగ్గు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాను. "మళ్లీ జ్వరం వస్తేనో?"

"వస్తే నువ్వేమన్నా డాక్టరువా? నేను చూస్తాలే, పో."

అడవిలో అల్లుకుంటూ ఎక్కాను. కొలా పాత బూట్లలో నా కాళ్లు అటూ ఇటూ జారుతున్నాయి. ఎవరో విదేశీ పిల్లలు నన్ను దాటి గెంతుకుంటూ పోయారు. రొప్పాను, అచ్చం కొలిమితిత్తిలాగే. అతని మాట నిజమైనందుకు చెవులు కాలిపోయాయి.

అడవి చివర టీకొట్టు దగ్గర యార్మిలా కనిపించింది. పట్టీ చూసి నన్ను కావలించుకుంది. పని అయిపోయింది. ఇక దిగాలి.

"ఇక్కణ్ణించి ఎంతో లేదు," అని మాత్రం అని, పట్టీ కట్టుకుని ఆవిడ ముందుకు కదిలింది.

సూదులు దారపుండకు గుచ్చి జేబులో పెట్టుకుని ఆవిడ వెనకే నడిచాను. ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఊపుకుంటూ నడవాలంటే సిగ్గు. ఏటవాలు ఎక్కువయ్యాక అవే రాళ్లను పట్టుకోవడం మొదలుపెట్టాయి. ఈ రాయి, తర్వాత ఆ రాయి. చల్లటి గాలి మెడ మీద చెమటను తాకింది. అలా ఎంతసేపు నడిచానో, ఉన్నట్టుండి ఆగిపోయాను. పాప! ఇంతసేపూ పాప గుర్తే రాలేదు. దాని దగ్గు కూడా గుర్తు రాలేదు. నేనేం తల్లిని? దారి పక్కన కూలబడ్డాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. మర్చిపోయిన ఆ కాసేపూ నేను హాయిగా ఉన్నానని తెలిసి ఇంకా సిగ్గేసింది. ఎంత కిందో మా ఇంటి కప్పు, దాని మీద రోజూ లేచే పొగ. నేను లేకుండానే పొయ్యి వెలిగింది. లేచి పైకే నడిచాను.

కనుమ మీద కొలా సంచులు దించుతున్నాడు. నన్ను చూడగానే చేతిలో తాడు వదిలేశాడు.

"పాపకేమైంది?"

"ఏం కాలేదు."

"అమ్మకా? చెప్పవే!"

అవతలి ఊరి మనుషులు మాటలాపి, టోపీలు తీసి చేత్తో పట్టుకున్నారు. అప్పుడర్థమైంది నాకు. మా ఊళ్లో ఆడది ఒంటరిగా ఇక్కడి దాకా వచ్చిందంటే చావు కబురే తెచ్చి ఉండాలి. పాలిపోయిన అతని ముఖం చూస్తుంటే నేల చీలితే బాగుండుననిపించింది. పట్టీ కోసం వచ్చానని చెబితే చాలు. యార్మిలా పక్కనే ఉంది, సాక్ష్యం ఆవిడ మోకాలికే ఉంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నేను మంచి కోడలినవుతాను.

"అందరూ బాగానే ఉన్నారు," అన్నాను. "ఇక్కడెలా ఉంటుందో చూద్దామని వచ్చాను."

ఎవరో టోపీ మళ్లీ తలకు తగిలించుకుంటూ, "ఒరేయ్ కొలా, మీ ఆవిడ గాలి పీల్చుకోడానికొచ్చిందటరా! రేపణ్ణించి పొట్లం నువ్వు కట్టి పంపు!" అన్నాడు. అంతా గొల్లున నవ్వారు.

కొలా దగ్గరికొచ్చి పళ్ల బిగువున అన్నాడు, "నలుగురిలో నా పరువు తీశావు. పద ఇంటికి."

సిగ్గుతో ముఖమంతా మండింది. ఈసారి నవ్వలేదు. అతని కళ్లలోకి చూడలేక అవతలి లోయ కేసి చూశాను. ఒక మబ్బు నీడ మెల్లగా కొండవాలు దిగుతోంది. పక్కనున్న రాయి మీద కూర్చున్నాను.

"నువ్వు దిగుతూ ఉండు, పాపకు దగ్గు మందు వేసే వేళయింది," అన్నాను. "నేను కాసేపాగి వస్తాను."