మూడు చోట్లా వదిన పేరే

నీళ్ళు కారుతున్నాయి.

పిండీ పిండని దుప్పట్ల అంచుల నుంచి, గచ్చు మీదికి. లాండ్రీ వెనక గది ఎప్పుడూ ముసురు పట్టినట్టే ఉంటుంది. తడి వాసన. సబ్బు వాసన. ఇస్త్రీ ఆవిరి.

ఆ ముసురులో మరకలు తీయడం ఆమె పని. అందుకే అందరికీ మరకలక్క. తుప్పుకు నిమ్మరసం. టీ ఒలికితే వెనిగర్. రక్తానికి చన్నీళ్ళు — పొరపాటున వేన్నీళ్ళు తగిలాయా, ఇక ఆ బట్ట మీద ఆశ వదులుకోవాల్సిందే.

కొన్నాళ్ళుగా తన లంగాలకూ చన్నీళ్ళే.

నెలసరి కాని రోజుల్లో. ఒక్క చుక్క. వానకు ముందు దుమ్ములో రాలే తొలి చినుకంత...

ఎవరికీ చెప్పలేదు. మొగుడికి చెప్పలేదు. తాను ఏదీ దాచని వదినకు, అన్న పెళ్ళానికీ చెప్పలేదు.

చెప్పలేదు గానీ, ఊరుకోనూ లేదు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్షలున్నాయని రేడియోలో విన్నది. ఎక్కడ ఏది చేస్తారో కనుక్కోవడానికి బయల్దేరింది. కూరగాయలు ఏరినట్టు... అటు తిప్పి, ఇటు తిప్పి.

ఆరోగ్య కేంద్రంలో వెనిగర్ లాంటిదే పూసి చూస్తారట. తేడా ఉన్న చోటు తెల్లబడుతుందట. అక్కడికక్కడే చెప్పేస్తారట. ఆమెకు నవ్వు రాబోయి ఆగింది. తన చేతిలో మరకను పోగొట్టేది, వాళ్ళ చేతిలో మరకను పట్టిస్తుంది.

ల్యాబులో పాప్ పరీక్ష. ముఖద్వారం దగ్గర మెత్తగా తుడిచి తీసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. ఫలితం కోసం ఆగాలి.

పెద్దాసుపత్రిలో హెచ్‌పీవీ పరీక్ష. రోగాన్ని కాదు, రోగం తెచ్చే వైరస్‌నే వెతుకుతారు. తెర చాటున ఎవరి నమూనా వాళ్ళే తీసుకోవచ్చు.

ఆరోగ్య కేంద్రంలో తెలిసినవాళ్ళు తగులుతారు. ల్యాబులో ఆగడం ఎవరి వల్ల అవుతుంది? పెద్దాసుపత్రి మరీ దూరం...

వంక దొరికిన ప్రతిసారీ గుండెలో మబ్బు కాస్త విడేది.

మళ్ళీ కమ్మేది.

మూడు చోట్లా అడిగింది. మూడు చోట్లా ఒకటే మాట — “నాకు కాదండీ, మా వదినకి.”

ఓ పూట వదిన గాలివానలా లాండ్రీలోకి వచ్చిపడింది.

“ఏమమ్మా మరదలా! నా ఒంట్లో సంగతి నాకు తప్ప అందరికీ తెలుసట! ఆరోగ్య కేంద్రం నర్సమ్మ నడిరోడ్డు మీద ఆపి ‘మరకలక్క వదినగారు మీరే కదా, పరీక్షకెప్పుడొస్తారు?’ అంటోంది. గుడ్లప్పగించి నిలబడ్డాను!”

“ముందు జాగ్రత్తకని అడిగాన్లే వదినా.”

“నీ జాగ్రత్త తగలెయ్య! పరువెలాగూ పోయింది, పద, పరీక్షైనా చేయించుకుందాం. నువ్వూ రా. నన్నొక్కదాన్నే ముందుకు తోస్తావా?”

వద్దనడానికి ఈసారి వంక దొరకలేదు.

దారంతా మబ్బు. దారంతా వదిన నవ్వు.

ఆరోగ్య కేంద్రం నర్సు గదిలో తెల్లటి తెర. నర్సు వదిన వైపు తిరిగింది. “నెల మధ్యలో రక్తం ఏమైనా కనిపిస్తోందా?”

“నాకా? అబ్బే! వస్తే నెలకోసారే.”

“మీకో?”

లేదు అనడం ఎంత తేలిక. ఉతికేసినంత తేలిక. ఇన్నాళ్ళూ రోజూ అదే కదా చేసింది...

“కనిపిస్తోంది.”

వదిన నవ్వు సగంలో ఆగింది.

“మరి ఇన్నాళ్ళూ?” అంది నర్సు.

“ఏ పరీక్ష మంచిదో... చూస్తున్నాను.”

నర్సు కలం పక్కన పెట్టింది. “ఏ ఇబ్బందీ లేనివాళ్ళకమ్మా ఆ బేరీజులు. రక్తం కనబడుతుంటే ముందు డాక్టరమ్మ చూడాలి. చాలాసార్లు భయపడేంత ఏమీ ఉండదు. కానీ చూడాలి. ఇవాళే.”

బయట బల్ల మీద ఇద్దరూ. వదిన ఆమె చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది. సబ్బుకు పగిలిన చెయ్యి.

“నా పేరు వాడుకున్నావు గానీ, నన్ను వాడుకోలేదేమే పిచ్చిమొహమా.”

ఆమె చెవులు రెండూ తలుపు మీదే.

తలుపు అవతల డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. కుళాయి కట్టేస్తే — పిలుపే.

నీళ్ళు పడుతున్నాయి.

ఇంకా పడుతున్నాయి...