పదిహేడో స్లైడు

చూపునకు నిర్మలత్వాన్ని, నాలుకకు సత్యాన్ని ప్రసాదించే తల్లీ, వాగ్దేవీ! నీ పాదాలకు మ్రొక్కి ఈ కథ చెబుతున్నాను.

సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న పరిశోధకురాలు చటుక్కున తల ఎత్తింది. పదిహేడో స్లైడు మూలన సన్నని పగులు. అంకెలు వేయకముందు దానిని జారవిడిచింది తానే. అది వెన్నుపాము దెబ్బతిన్న ఎలుక మెదడు ముక్క అని ఆమెకు తెలుసు. లెక్కించేవారికి ఏది ఏ ఎలుకదో తెలియరాదన్నది అక్కడి నియమం. ఆమె అప్పటికే ఉబ్బిన కణాలు అరవై రెండు అని రాసింది.

దెబ్బ నడుములో తగిలితే, మెదడులో నరకణాలను కాచుకొని ఉండే సహాయక కణాలు సైతం ఉబ్బి రేగుతాయా? ఔనని తేలితే ఆ వాపును తగ్గించే మందును మనుషులపై పరీక్షించడానికి అనుమతి కోరవచ్చు. ఆ కాగితాలు ఈ సాయంత్రం నాలుగింటికి వెళ్లాలి. ఆ మందు కోసం కాచుకున్నవారిలో ఆమె తండ్రి ఒకరు. నిచ్చెన మీద నుంచి పడి నడుము విరిగిన ఆ వడ్రంగి ఇప్పుడు మతిమరుపుతో చెప్పిన మాటనే మళ్లీ చెబుతున్నాడు.

ఆమె లేచి, అందరూ చాదస్తం మాస్టారని పిలిచే వృద్ధ సహాయకుని వద్దకు వెళ్లింది.

"మాస్టారూ, ఒక స్లైడును గుర్తుపట్టేశాను. ఏదో అడక్కండి. దాన్ని మరో నాలుగింటితో కలిపాను. ఈ అయిదూ మీరు లెక్కపెట్టండి."

"ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదు."

"మరి ఊరుకోరాదూ! మీ నాన్న కోసమైనా..."

"ఆయన కోసమే మాస్టారూ. లేని వాపు చూసి మందిస్తే, మింగేది ఆయనేగా!"

"పాతికేళ్లుగా నాది చాదస్తం అన్నారు. నన్ను మించావమ్మా," అంటూ ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

ఆమె గుమ్మం బయట నిలుచుంది. గడియారం మూడు దాటింది. మూడున్నరకు ఆయన కాగితం చేతికిచ్చారు. నాలుగు స్లైడులు ఆమె లెక్కతో సరిపోయాయి. పదిహేడోది మాత్రం నలభై నాలుగు.

తన కోరికే తన కంటిలో కూర్చుని లెక్కపెట్టిందని ఆమెకు అర్థమైంది. ఇక అన్ని స్లైడులనూ కొత్తవారు లెక్కించవలసిందే. కాగితాలు ఆగిపోయాయి.

ఇంట్లో తండ్రి చక్రాల కుర్చీ తిప్పి అడిగాడు. "కాగితాలు వెళ్లడానికి ఇంకా ఎన్నాళ్లు పడుతుందే?"

"ఆరు నెలలు నాన్నా. తప్పు నాదే."

అంతా విన్నాడు.

"ఆరు నెలలేగా! ఈలోగా నేనెక్కడికి పరుగెత్తుతానే?"

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేక ఆయన మోకాలిపై తల ఆనించింది. ఆ స్పర్శ ఆయనకు తెలియలేదు; కనబడింది గనుక ఆమె జుట్టు నిమిరాడు.

విన్నవారందరి వెన్ను దృఢమై, మనసు నిర్మలమై, చూపు సత్యమై వర్ధిల్లుగాక!