చిన్న నోళ్లకు తగిన తిండి

చేపపిల్లల్ని తెచ్చిన ఐదో రోజు పొద్దున ఓదెమ్మ రేకుల కొట్టం తలుపు తీసేసరికి మూడు సిమెంటు తొట్లలోనూ అవి చచ్చి తేలి ఉన్నాయి. నీళ్లు పులిసిన కంపు కొడుతున్నాయి. ఒక్కటైనా బతికుందేమోనని చేత్తో కదిపి చూసింది. ఒక్కటీ కదలలేదు.

అది ఎనభై నాలుగో సంవత్సరం, వానాకాలం మొదలు. స్టేషన్ ఘన్‌పూర్ చేపల సంఘం వాళ్లు ఏటా వెంట్రుకంత సన్నని పిల్లల్ని తెచ్చి నేరుగా చెరువులో వదిలేవాళ్లు. పెద్ద చేపలు, కప్పలు, నీటిపాములు తినగా వలలో పడేవి కొన్నే. పిల్లల్ని వేలెడంత అయ్యేదాకా ఇంట్లోనే సాకుదామని పట్టుబట్టింది ఓదెమ్మ. సంఘం పెద్ద రాజేశం ఆమెకు వరుసకు బావ. ఆ మొహమాటానికి చెంబెడు పిల్లల్ని ఇచ్చాడు. పెద్ద చేపలకు వేసినట్టే ఆమె వాటికి తవుడూ, నూనె తీయగా మిగిలిన పల్లిచెక్కా కలిపి వేసింది.

చచ్చిన పిల్లల్ని నాలుగింటిని తెల్లటి సాసర్‌లో వేసుకుని వెలుగులో చూసింది. పొట్టలు వీపుకు అంటుకుపోయి ఉన్నాయి. తొట్టి అడుగున మాత్రం తవుడు బురదలా పేరుకుంది.

"తిండి లేక సావలే ఇవి," అంది భర్త యాకయ్యతో. "ఆ పలుకు వాటి నోట్లె పట్టలే. మిగిలింది మురిగి నీళ్లు పాడైనయ్."

సంఘం దగ్గరికి వెళ్లి ఇంకో చెంబెడు పిల్లల్ని అడిగింది.

"ఒకపారి సచ్చినయ్ సాలదా ఓదెమ్మా?" అన్నాడు రాజేశం. "నలుగురు నన్ను అడుగుతున్నరు."

"ఎందుకు సచ్చినయో ఇప్పుడు నాకు ఎరుకైంది బావా. ఈపారి గూడ సచ్చినయంటే మళ్ల నీ ముంగటికి రాను."

పది రోజుల్లో ఇంకో విడత వస్తుందని, అప్పుడిస్తానని చెప్పాడతను.

ఆ పది రోజులూ ఆమె పొద్దున్నే చెరువు ఒడ్డున గొంతుక్కూర్చుంది. చెరువులోనే పుట్టిన పిల్లలు ఏం తింటున్నాయో చూడాలి. లోతులేని చోట నీళ్లలో ఆవగింజ కన్నా చిన్నవి, ఎర్రటి చుక్కల్లాంటి పురుగులు గంతులేస్తున్నాయి. పిల్లలు వాటి వెంటే పడుతున్నాయి.

కొత్త పిల్లలు రాగానే మూడు తొట్లకూ మూడు రకాలు పెట్టింది. ఒకదానికి ఉడికించిన గుడ్డు పచ్చసొన గుడ్డలో వడగట్టి పోసింది. రెండోదానికి నానబెట్టిన పల్లిచెక్క పాలు. మూడోదానికి చెరువు పురుగులు. పెద్ద పురుగులు పిల్లల్నే కరుస్తాయని వాటిని ముందు పలుచటి గుడ్డతో ఏరి పారేసేది. నాలుగు రోజులకు తేడా తెలిసింది. గుడ్డు వేసిన తొట్టి వాసన మొదలైంది. చెక్కపాల తొట్టిలో పిల్లలు డస్సిపోయాయి. పురుగులు తిన్నవాటి పొట్టలు మాత్రం ఉబ్బి ఎర్రగా కనిపిస్తున్నాయి. వెంటనే మూడు తొట్లకూ పురుగులే మొదలుపెట్టింది.

ఆ వారమే ముసురు పట్టింది. వరద నీళ్లతో చెరువు ఎర్రమట్టి రంగుకు తిరిగింది. ఎంత వడగట్టినా గుడ్డలో బురదే తప్ప పురుగు లేదు.

"ఇగ అయిపోయిందే," అన్నాడు యాకయ్య. "పోయి చెరువులనే ఇడుద్దాం."

"బాయిలల్ల నీళ్లు కదలవు. ఆడ ఉంటయ్. కావడి తీస్తవా, నన్నే పొమ్మంటవా?"

యాకయ్య కావడి భుజానికెత్తుకున్నాడు. వానలో తడుస్తూ ఇద్దరూ పొలాల్లోని పాత మోటబావులు చూసుకుంటూ పోయారు. నాలుగింటిలో ఏమీ లేదు. రఘునాథపల్లి దారిలో ఐదో బావి పచ్చగా నాచుపట్టి ఉంది. ఓదెమ్మ మెట్లు దిగి, చెంబుతో నీళ్లు ముంచి, గుడ్డలో పోసి చూసింది. గుడ్డంతా మిలమిల కదిలింది. ఆమె గుడ్డను పైకెత్తి యాకయ్యకు చూపించి, కావడి దించమంది.

అప్పట్నించి రోజూ తెల్లవారగానే ఆ బావికి నడక. రోజూ ముంచుతుంటే బావిలోని పురుగులు ఎన్నాళ్లో రావని, ఇంటి వెనక గుంత తవ్వి పేడ కలిపిన నీళ్లు నింపి అందులోనూ కొన్ని పురుగుల్ని వదిలింది. వారం తిరిగేసరికి అవి అక్కడే పెరగసాగాయి. రెండో వారం నుంచి గుడ్డలో జల్లించిన చెక్కపిండీ తవుడూ చిటికెడు చిటికెడు అలవాటు చేసింది. తిన్నంతే వేసి, మిగిలితే సన్నటి గొట్టంతో లాగేసేది.

నలభై రోజులకు సంఘం వాళ్లు కొట్టంలోకి వచ్చి పిల్లల్ని లెక్కపెట్టారు. పదింటికి ఆరు బతికాయి. ఒక్కోటి వేలెడంత ఉంది. రాజేశం ఒకదాన్ని దోసిట్లోకి తీసుకున్నాడు. అది ఎగిరి మళ్లీ తొట్టిలోనే పడింది.

"వీటికి ఏమేం పెట్టినవో జర మా వాళ్లకు చెప్పు," అన్నాడు.

"చెప్తే రాదు బావా. వచ్చే ఏడు ఇద్దరు ఆడోళ్లను నాతోని పంపుండ్రి. పక్కపొంటి ఉండి చూస్తే వస్తది," అంది ఓదెమ్మ. "ఇంకో ఆరు తొట్లు గూడ కట్టియ్యాలె."

ఆ సాయంత్రమే పిల్లల్ని బిందెల్లో చెరువుకు మోసుకెళ్లి వదిలారు. తొట్లు ఎక్కడ కట్టాలో చూపించడానికి మర్నాడు పొద్దున్నే మేస్త్రీని రమ్మని రాజేశమే కబురు పెట్టాడు.