మొగ్గలకు తొడిగిన కథ

పత్తి మొగ్గకు తొడిగిన కాగితం మీద ఏనుగు తొండం ఉంది. పక్క చెట్టు మొగ్గ మీద దాని చెవి. ఆ పక్కదాని మీద అక్షరాలు. నా మనుమరాలు తిరుమల సాళ్ల మధ్య వంగి, ప్రతి కాగితం దగ్గరా ఆగి, పెదవులు కదుపుతూ ముందుకు పోతోంది. ఏనుగుకు నీళ్లు దొరికాయో లేదో వెతుక్కుంటోంది.

"ఏం జూస్తున్నవే, మొగ్గలు గిల్లక?" అని మేస్త్రి సైదులు అరిచాడు.

"చదువుతున్న," అంది పిల్ల.

వాడు నవ్వాడు. నేను గట్టు మీద నుంచి చూస్తున్నాను. కూలి చేసే అమ్మలారా, కాలేజీకి పోయే బిడ్డలారా, ఈ ఈదమ్మకు చదువు రాదు గానీ, చూసింది మరిచే అలవాటు కూడా లేదు. ఆ కాగితాలు చేలోకి ఎట్లా వచ్చాయో మొదటి నుంచీ చెబుతాను.

మాది కోస్గి పోయే తోవలో ఊరు. మా వాడలో సగం ఇళ్లు చర్చికి పోతాయి, సగం పోచమ్మకు మొక్కుతాయి. కూలికి మాత్రం అందరం ఒకే ఆటోలో ఇరుక్కుంటాం. ఆ ఆటో అమరేందర్ సారుది, చేనూ ఆయనదే. విత్తనపత్తి పండించి కంపెనీకి ఇస్తాడు. ఆ పని తెలియని వాళ్లకు చెబుతున్నాను. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలను గోటితో ఒలిచి, కాగితం తొడగాలి. తెల్లారి ఆ కాగితం తీసి, మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. రుద్దకుండా కాగితం తీసి వదిలేశామా, ఆ పువ్వు విత్తనానికి పనికిరాదు. ఈ పనికి సన్నని వేళ్లు కావాలని సారు అంటాడు. వేళ్లు కాదు, ఆయనకు కావలసింది సన్నని కూలి.

బడి తెరిచిన వారం ఆయన పుస్తకాలు పంచాడు. బడి పేరు కంటే ఆయన మొహం పెద్దగా ఉన్న బ్యానరు కట్టారు. పిల్లలందరికీ ఒకటే పుస్తకం, టోకున కొన్నాడు మరి. గొర్రెల మందకు ఒకే రంగు పూసినట్టు పంచుకుంటూ పోయాడు. ఒక్కో పిల్లను ఫోటో కోసం ఇటు తిప్పి, అటు తిప్పి, గడ్డం పట్టి పైకెత్తి ఇచ్చాడు. తిరుమల మెడ నొప్పి పుట్టిందని ఇంటికొచ్చి చెప్పింది.

పుస్తకం ఇచ్చి ఆయన పోయాడు గానీ, చదివించింది గ్లోరీ. మా వాడలో డిగ్రీ చేసిన పిల్ల. పొద్దుగూకే వేళ చర్చి వసారాలో అందరినీ కూర్చోబెట్టి రోజుకో పేజీ చదివించేది. అయిదో తరగతికి వచ్చినా అక్షరం పక్కన అక్షరం పెట్టలేని పిల్లలు, నెల తిరిగేసరికి కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. తిరుమల నా మందు బిళ్లల అట్ట కూడా చదివి వినిపించేది. కథలో ఏనుగు దప్పికతో ఎండిన బావి దాకా వచ్చింది. అక్కడికి వచ్చేసరికి పూత మొదలైంది.

పిల్లల్ని కూలికి ఎక్కించుకోవడానికి బడి గేటు ముందుకే ఆటో వచ్చింది. హెడ్‌మాస్టరు చూసి, ఎన్నడూ చూడనట్టు జెండా కర్రను శ్రద్ధగా పరిశీలించాడు.

"బుక్కులు గూడ పట్టుకురమ్మన్నడు సారు. పగటిపూట చేన్లనే సదువుకుంటరంట," అన్నాడు సైదులు.

పిల్లలు నమ్మి సంచులతో ఎక్కారు. చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు. సంచులు బోరు దగ్గర గుడిసెలో పడి ఉన్నాయి. మూడో నాటి సాయంత్రం మొగ్గలకు తొడిగే కాగితాలు అయిపోయాయి. అమరేందర్ కారు దిగి, అటు చూశాడు, ఇటు చూశాడు, సంచులు చూశాడు.

"అవి నేనిచ్చిన బుక్కులే గద. చింపుండ్రి," అన్నాడు.

ఏ పిల్ల పుస్తకం ఆ పిల్లతోనే చింపించారు. తిరుమల ఒక్కో పేజీ మడత మీద గోటితో గీసి, మెల్లగా లాగింది, నొప్పి పుడుతుందేమో అన్నట్టు. దళసరి అట్టలు మొగ్గలకు పనికిరావని, టీ కాచే పొయ్యి పక్కన కుప్ప పోశారు.

ఆ సాయంత్రం చర్చి వసారాలో పిల్లలు కాదు, మేం కూర్చున్నాం. తిట్లతోనే మొదలైంది.

"ఎండకాలంల సారు తాన బయానా పైసలు తీసుకున్నం. పిల్లల్ని పంపకుంటే ఊకుంటడా?" అంది నా కోడలు బాలనర్సమ్మ. "అత్తా, నీకేంది, ముసలిదానివి. రేపు వంట జేయాల్సింది నేను."

"మనం పోదాం పనికి. పోరగాండ్లెందుకు?" అన్నాడు సాల్మన్.

"నీ వేళ్లు జూసుకున్నవా? పార కర్రల లెక్కున్నయి. మొగ్గ కాదు, చెట్టే ఊడొస్తది," అంది బిక్షమ్మ. అందరూ నవ్వారు.

అప్పుడు గ్లోరీ అడిగింది. "ఆ బుక్కులు ఎవరివి?"

"సారువి."

"ఇచ్చినంక గూడనా?"

నేను అన్నాను. "ఇచ్చినంక మనయే. మనయి మనం తెచ్చుకుందాం. పొద్దుగాల పోయి, చెట్టు చెట్టుకు తీసుకుందాం."

బిక్షమ్మ నోరు తెరిచింది. "కాగితం తీస్తే పువ్వు ఖరాబైతది గదనే."

"కథ ఖరాబు గాలేదా?"

బాలనర్సమ్మ తన పక్కన నిద్రపోతున్న తిరుమల చెయ్యి ఎత్తి చూసింది. పిల్ల వేళ్లకు పత్తి జిగురు నల్లగా పట్టి ఉంది. "ఆ చివరి సాళ్ల మొగ్గలకు కాగితాలు నేనే తొడిగిన. నేను జూపిస్త," అంది.

తెల్లారి మగపూలు తెంపే పొద్దుకు వాడంతా చేలో దిగింది. ఆడవాళ్లు, మగవాళ్లు, చంకలో పిల్లలు. కొమ్మ విరగకుండా, ఆకు నలగకుండా, కాగితాలు ఒక్కటొక్కటే తీశాం. నలిగినదాన్ని తొడ మీద పెట్టి సాపు చేశాం. పిల్లలు పొయ్యి పక్కన మిగిలిన అట్టలు ఏరి తెచ్చుకున్నారు. సైదులు అడ్డం వచ్చాడు.

"అవ్వా, నా బతుకు పోతది."

"నీ బిడ్డ బుక్కు గూడ గీడనే ఉన్నది. ఏరుకో," అన్నాను. వాడు ఏరలేదు. కానీ పక్కకు జరిగాడు.

అమరేందర్ వచ్చేసరికి చేనంతా బోసి పువ్వులు, వాటి మీద తేనెటీగలు. ఆయన నోట్లోంచి వచ్చిన మాటలు ఏ పుస్తకంలోనూ ఉండవు.

"దొంగ లం... నా పంట నాశనం జేస్తరా?"

"పంట ముట్టలేదు సారూ. జర చూసుకో. మా కాగితాలే తీసుకున్నం," అంది బాలనర్సమ్మ. రాత్రి దాకా వంట గురించి భయపడ్డ నా కోడలే.

పోలీసు జీపు వచ్చింది. ముందు నన్ను, గ్లోరీని ఎక్కించారు. మిగతావాళ్లు పిల్లలతో సహా వెనకే నడిచి వచ్చారు. స్టేషన్‌లో అమరేందర్‌కు కుర్చీ, చల్లని నీళ్లు. మాకు గచ్చు.

"ఎవరు చేయించిన్రే ఇదంతా?" అన్నాడు ఎస్సై.

వరండా నిండా చేతులు లేచాయి. ప్రతి చేతిలో ఒక కాగితమో, అట్టో.

"దొంగ సొమ్ము చేతుల పట్టుకోని సూపుతున్నరు సూడు," అన్నాడు అమరేందర్. "ఎవని బుక్కులో ఎన్క అట్ట మీదనే ఉంటది. నా ఫోటో, నా పేరు. సదివిచ్చుండ్రి."

ఎస్సై ముందున్న తిరుమలను పిలిచాడు. "చదువస్తదా నీకు?"

పిల్ల అట్ట తిప్పింది. లోపలి వైపు అతికించిన స్టిక్కరులో సారు చేతులు జోడించి నవ్వుతున్నాడు. దాని కింద అక్షరాలు వేలు పెట్టి చదివింది. ఆగి, కూడబలుక్కుని, గట్టిగా.

"ప్రతి పిల్లా బడిలోనే ఉండాలి. పిల్లలతో పని చేయించేవారు దేశద్రోహులు. ఇట్లు, మీ అమరేందర్."

గోడవారన కూర్చున్న బిక్షమ్మకు ముందు దగ్గు వచ్చింది, తర్వాత నవ్వు. ఆ నవ్వు వరండా దాటి గేటు దాకా పోయింది. ఎస్సైకి ఉన్నట్టుండి ఏదో ఫోను గుర్తొచ్చి లోపలికి పోయాడు. ఆ మనిషి ధైర్యం అంతే. మా మీద కేసు రాసే ధైర్యం మాత్రం తర్వాత తెచ్చుకున్నాడు. వాయిదాలకు ఇప్పటికీ తిరుగుతున్నాం. ఆటో మాత్రం మళ్లీ బడి ముందుకు రాలేదు. పక్క ఊరి వాళ్లు కూడా తమ పిల్లల్ని చేలలోంచి తోలుకుపోయారు.

కానీ ఆనాడు తిరుమలకు ఇవేవీ పట్టలేదు. స్టిక్కరు అంచు కింద సగం తెగిన అక్షరం ఒకటి కనబడింది దానికి. కథ చివరి ముక్క ఆ అట్ట మీదే అచ్చయింది. దాని మీద సారు మొహం అతికించి ఉంది.

పిల్ల నన్ను చూసింది. నేను తల ఊపాను.

మొగ్గ ఒలిచే గోటితోనే గీకడం మొదలుపెట్టింది. ముందు జోడించిన చేతులు పోయాయి, తర్వాత నవ్వు. పక్క పిల్ల చూసి తనదీ గీకింది. వరండా అంతా గోళ్ల చప్పుడే. కుర్చీలో కూర్చున్నాయన చూస్తుండగానే ఆయన మొహాలు పొట్టు పొట్టుగా రాలి గచ్చు మీద పడ్డాయి.

"అవ్వా," అంది తిరుమల, అట్ట మీద వేలు పెట్టి. "ఏనుగు తాగింది."